ఎడమ చుట్టు

ఫిబ్రవరి 3, 2002
ఆదివారం

చిరంజీవి కుమార్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, బాపు, పూజ ముగ్గురమూ బాగున్నాం. బర్రె ఈనింది, దూడ కూడా హుషారుగా ఉంది. అక్కడ నువ్వు బాగున్నావని తలుస్తాను అనే మాట ఇన్నేళ్ళూ ఆలోచించకుండా రాసేసేదాన్ని. ముందు అది రాసి పడేసి, తర్వాత ఏం రాయాలా అని కలం కొరుకుతూ కూర్చునేదాన్ని. ఈసారి ఆ మాట దగ్గరే కలం ఆగింది. నువ్వు బాగుండాలి కుమార్. ఉన్నావని రాయడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు కాబట్టి ఉండాలని రాస్తున్నాను.

మాట్లాడేది ఒక భాష, రాసేది ఒక భాష అని నువ్వు నన్ను ఎగతాళి చేస్తావు. ఏం చేయను, ఏడో తరగతి దాకా చెప్పిన పంతులు బెత్తంతో నేర్పిన భాష ఇది. అంగన్‌వాడీ రిపోర్టులు రాసి రాసి ఇంకా గట్టిపడింది. కలం పట్టుకుంటే నాకు ఇదే వస్తుంది.

నీ దగ్గర నుంచి వచ్చిన ఆఖరి ఉత్తరం డిసెంబరు నెలది. లీవులన్నీ రద్దయ్యాయి, మమ్మల్ని కదిలిస్తున్నారు, ఎక్కడికో రాయకూడదు, పాత అడ్రసుకే రాయి, చేరుతుంది అని అందులో రాశావు. ఆ తర్వాత నేను రాస్తూనే ఉన్నాను. నీ నుంచి ముక్క లేదు. పోస్ట్‌మ్యాన్ మన వాకిలి దగ్గరికి వచ్చేసరికి సైకిలు గట్టిగా తొక్కుతున్నాడు. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు. రేడియోలో సరిహద్దు అన్న మాట వినబడితే బాపు వెళ్ళి కట్టేస్తాడు. ఆయన బయటికి పోగానే నేను వెళ్ళి మళ్ళీ పెడతాను. సరిహద్దు వెంట మన వాళ్ళే మందుపాతరలు పెడుతున్నారని చెబుతారు, వాటి మీద మన వాళ్ళవే కాళ్ళు పడుతున్నాయని చెబుతారు, పేర్లు మాత్రం చెప్పరు.

ఆ ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. బాపు దగ్గు తగ్గింది. శామీర్‌పేట చెరువుకు వలతో పోతూనే ఉన్నాడు, ఈ ఏడు నీళ్ళు లోపలికి పోయాయి, చేప చిన్నగా వస్తోంది. నీ దోస్తు రవీందర్ అత్వెల్లి రోడ్డు మీద టైర్ల దుకాణం పెట్టాడు, నీ గురించి అడుగుతుంటాడు. పూజకు గుడ్లు పెడుతున్నావా అని అడిగావు. పెడుతున్నాను. పచ్చసొన తీసి కుక్కకు వేస్తుంటే పట్టుకున్నాను, ఇప్పుడు ఎదురుగా కూర్చుని తినిపిస్తున్నాను. నా మోకాలి సంగతి తర్వాత చెబుతాను, అది ఈ కథలోనే వస్తుంది. జిల్లా పోటీల సంగతి ఎందుకు వివరంగా రాయవు అని అడిగావు చూడు, దానికే ఈ ఉత్తరం. రెండో స్థానం వచ్చిందని మాత్రం ముందే రాశాను. ఎలా వచ్చిందో రాయలేదు.

రెండేళ్ళ కింద నువ్వు లీవు మీద వచ్చినప్పుడు, శామీర్‌పేట కట్ట మీద పూజ నీ సైకిలు వెంట పరుగెత్తింది. నువ్వు ఎంత తొక్కినా వెనకబడలేదు. ఇంటికొచ్చి, "అమ్మా, గీ పిల్ల నా లెక్కనే, ఒక్క సుట్టు మనిషి. నూరు మీటర్లది గాదు, మైళ్ళకు మైళ్ళు ఉరికేది గాదు" అన్నావు. మీ రెజిమెంటులో నాలుగు వందల మీటర్లకు నువ్వే ముందుంటావని మాకు అప్పుడే తెలిసింది. బడిలో ఆటల సారు పోస్టు ఖాళీ. కాబట్టి నువ్వు వెళ్ళాక ఉత్తరాల్లో ఏం చేయించాలో రాసేవాడివి, నేను చేయించేదాన్ని. నీ స్టాప్‌వాచీ నా మెడలో పుస్తెలతాడు పక్కన వేలాడేది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను కోచమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఎగతాళికే పిలిచారు గానీ నాకు లోపల బాగానే ఉండేది.

తాడుతో కొలిచి చుట్టు గీయమన్నావు. బాపు వల తాడు, నా ముగ్గుపిండి. మన ఊళ్ళో చదునుగా ఉన్న జాగ మైసమ్మ గద్దె చుట్టూ ఉన్న పాత కల్లం ఒక్కటే. మిగతాదంతా అయితే బండ, లేకపోతే మడి. గద్దె నడుమకు వచ్చేటట్టు గుండ్రంగా గీశాం. నువ్వు అన్నీ రాశావు నాయనా. మొదటి వంద ఊపుగా పోవాలి, రెండో వందలో ఒళ్ళు వదిలేసి దొర్లనివ్వాలి, మూడో వందలో భుజాలు బిగుసుకోనివ్వకూడదు, నాలుగో వందలో కాళ్ళు రాళ్ళవుతాయి, అప్పుడు కాళ్ళను మరిచిపోయి చేతులు ఆడించమనాలి అని రాశావు. ఎంత విశ్రాంతి ఇవ్వాలో, ఏ రోజు కట్ట ఎక్కించాలో, ఆడపిల్లకు నెలలో ఏ రోజుల్లో తగ్గించాలో కూడా సిగ్గుపడకుండా రాశావు. ఎటు తిరిగి పరుగెత్తాలో మాత్రం రాయలేదు.

నిన్ను తప్పు పట్టడం లేదు. అది రాయాల్సిన సంగతని నీకు తోచలేదు, అడగాల్సిన సంగతని నాకు తోచలేదు. నడుమ మైసమ్మ ఉంది. అమ్మవారు కుడిచేతి వైపు ఉండాలి. అంగన్‌వాడీలో ముక్కు చీదడం రాని పిల్లలకు కూడా అది తెలుసు. రెండేళ్ళు, ఎండలో వానలో, పూజ అమ్మవారికి కుడి చుట్లే తిరిగింది. రోజూ ఇన్నిసార్లు ప్రదక్షిణం చేసిన పిల్లకు ఓటమి ఎట్లా వస్తుందని నేను ధైర్యంగా ఉన్నాను.

జిల్లా పోటీల రోజు పట్నంలో ఆ ఎర్రటి ట్రాకు చూసి ఇద్దరం చెప్పులు విడిచి నిలబడ్డాం. తర్వాత ఆడపిల్లలను ఒకరి ముందు ఒకరిని నిలబెట్టారు. ఒకామె ఎంతో ముందు, మన పూజ వెనక. అన్యాయమని నేను కంచె దగ్గర నుంచి అరిచాను. బయటి లైనుకు చుట్టు పెద్దదవుతుందమ్మా, అందుకని ముందుకు జరుపుతాం అని ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. అప్పటిదాకా చుట్టూ నవ్వులు నా మీద. అంతలో పిస్తోలు పట్టుకున్న మనిషి సిద్ధం కమ్మన్నాడు. ఏడుగురు ఒక వైపు వంగారు. పూజ ఒక్కతే వాళ్ళకు ఎదురుగా తిరిగి వంగింది.

స్టేడియం అంతా నవ్వింది కుమార్. పూజ తల ఎత్తి నన్ను వెతికింది. నేనే తప్పు తిరగమని చెప్పినట్టు చూసింది, చెప్పింది కూడా నేనే. ఒక అమ్మాయి దయతలచి భుజం పట్టి ఇటు తిప్పింది. పిస్తోలు పేలింది. తిన్నగా ఉన్నచోట మన పిల్ల గాలి. వంపు వచ్చేసరికి ఎవరో పక్క నుంచి తోసినట్టు బయటికి పోయేది, గీత దాటి పక్క లైనులో పడేది, మళ్ళీ లోపలికి లాక్కునేది. మిగతావాళ్ళు పరుగెత్తిన దూరం కన్నా ఎక్కువే పరుగెత్తింది. ఆఖరి తిన్నటి జాగలో అందరినీ దాటుకుంటూ వచ్చి రెండోది అయింది. చీలమండ వాచిపోయి రెండు రోజులు కాలు కింద పెట్టలేదు.

అక్కడే రాజారావు గారని ఒక పెద్ద కోచ్ మా దగ్గరికి వచ్చాడు. మచ్చ బొల్లారంలో ఉంటాడట.

"ఏమమ్మా, గీ పిల్లను ఎవలు తయారు జేసిన్రు?" అని అడిగాడు.

"నేనే సార్. మా కొడుకు రాస్తడు, నేను జేపిస్త."

"ఎటు తిప్పిస్తరు?"

చెప్పాను. మైసమ్మ గద్దె సంగతి కూడా చెప్పాను. ముందు నవ్వాడు, తర్వాత టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఒళ్ళంత కుడికి అలవాటు పడ్డదమ్మా. అందుకే ఎడమ వంపు రాంగనే బయటికి నూకుతాంది. రాష్ట్రం పోటీలకు ఇంక నెల పైన ఉన్నది. దినాం ఎడమకు తిప్పు. మొదటి ముగ్గుర్ల వచ్చిందంటే ఆటల హాస్టల్ల సీటు, సదువు, తిండి అన్నీ ఆడనే. గీ వయసు దాటితే మల్ల ఎవ్వలు తీసుకోరు" అన్నాడు.

బస్సులో వస్తూ నేను ఒకటే ఆలోచించాను. ఎడమకు తిప్పాలంటే ఎక్కడ తిప్పాలి? మేడ్చల్‌లో గ్రౌండుకు పోయి చూశాం. అక్కడ క్రికెట్ పిల్లలు అడుగు పెట్టనివ్వలేదు, రెండో రోజు బంతి వచ్చి పూజ పిక్కకు తగిలింది. యాసంగి నాట్లకు పొలాలన్నీ నీళ్ళు. మిగిలింది మన కల్లమే. మూడో రోజు పొద్దున పూజను ముగ్గు గీత మీద నిలబెట్టి, అమ్మవారిని ఎడమచేతి వైపు పెట్టి, పొమ్మన్నాను.

సాయంత్రానికి సిద్దయ్య తాత మన వాకిట్లో ఉన్నాడు. చిన్నప్పుడు నిన్ను భుజం మీద ఎక్కించుకుని బోనాలకు తిప్పిన మనిషి. మైసమ్మకు దీపం పెట్టేది ఆయనే. కోపంగా రాలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది.

"యాదవ్వా, ఎడమ తిరుగుడు ఎప్పుడు తిరుగుతరు? సావు కాడ తిరుగుతరు, కాష్టం సుట్టు. కొడుకును సరిహద్దు మీద పెట్టుకోని బిడ్డతోని దినాం గా తిరుగుడు తిప్పిస్తవా? నేను నిన్ను ఆపుత లేను. నువ్వే ఆలోచన జెయ్యి."

ఆయన వెళ్ళాక బాపు వల బాగుచేస్తూనే, తల ఎత్తకుండా అన్నాడు. "నీకు కొడుకు గూడ ఉన్నడు. యాదికుందా?"

"వాడు జెప్పిన పనే జేస్తున్న" అన్నాను. ఆ రోజు నుంచి బాపు నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటాడు, చెయ్యి కడుక్కుని పోతాడు.

నేను నమ్ముతానా అని నువ్వు అడుగుతావు. నమ్మను. గ్రహణం నాడు గర్భిణులను అన్నం తినమని ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని నేను. కానీ నీ ఉత్తరం రావడం లేదు. వస్తూ ఉంటే నేను నమ్మకపోవడం సులువుగా ఉండేది. అందుకని ఒక పని చేశాను. పూజ ఎడమకు ఒక చుట్టు తిరిగితే, నేను కుడికి ఒక చుట్టు నడిచాను. ఆమె తిప్పింది నేను విప్పుతున్నానని మనసులో అనుకున్నాను. వాచీ చేతిలో పట్టుకుని, ఆమె పోయే దారికి ఎదురు నడిచేదాన్ని. ఆమె పరుగులో ఒక చుట్టు అయ్యేసరికి నేను పావు కూడా నడవను. అందుకని ఆమె ఇంటికి వెళ్ళి స్నానం చేసి బడికి పోయాక కూడా నేను మిగిలిన చుట్లు నడిచి అంగన్‌వాడీకి ఆలస్యంగా పోయేదాన్ని. నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు కదా, ఈ నడకతో ఇంకా ఎక్కువైంది. మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాలి.

ఒక మాట చెప్పాలి. రెండేళ్ళు కోచ్‌నని తిరిగాను గానీ, గీత దగ్గర నిలబడి వాచీ చూడటమే నా పని. ఎదురు నడిచినప్పుడు మొదటిసారి పూజ ముఖం చూశాను. అలసట వచ్చేచోట ఆ పిల్ల కళ్ళు చిన్నవవుతాయి, కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుంటుంది, అచ్చం నీలాగే. నన్ను చూసినా చూడనట్టే వెళ్ళిపోతుంది. ఎడమ వంపు ఆమెకు మెల్లమెల్లగా అలవాటు కావడం నేను ఆ ముఖంలోనే చూశాను.

సంక్రమణం దాటాక ఒక పొద్దున పూజ బూట్లు విప్పి చేతిలో పట్టుకుని ముగ్గు గీత పక్కన కూర్చుంది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం విన్నదట.

"నేను ఉరుక."

"లే బిడ్డా. దినాలు దగ్గరవడ్డయి."

"అన్న కాడికెంచి ఉత్తరం ఎందుకు వస్తలేదు? నువ్వు దినాం అటు ఎందుకు నడుస్తున్నవో నాకు తెల్వదనుకున్నవా? నీకు భయం లేకుంటే ఎందుకు నడుస్తవు? అన్నకు ఏమన్న అయితే నాకు హాస్టలెందుకు, సదువెందుకు?"

పదహారేళ్ళ పిల్ల నన్ను ఎదురుగా నిలబెట్టి అడిగింది. రెండు రోజులు ఆమె పరుగెత్తలేదు, నేను నడవలేదు, బాపు మాట్లాడలేదు. ముగ్గురం ఒక ఇంట్లో ఉండి ముగ్గురు అద్దెకున్నవాళ్ళలాగా తిరిగాం. మూడో రోజు అంగన్‌వాడీ మీటింగుకు మేడ్చల్ పోయాను. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో దూడకు గడ్డి వేస్తోంది. నేను నోరు తెరిచాను, ఒక మాట బయటికి వచ్చింది. దారిలో అనుకున్న మాట కాదు.

"అన్న ఫోన్ జేసిండు" అన్నాను.

ఇదివరకు నువ్వు రెండు మూడుసార్లు మేడ్చల్ బస్టాండు ముందర యజ్ఞనారాయణ ఫోన్ బూత్‌కు చేశావు కదా, అక్కడికే చేశావన్నాను. పూజ చేతిలో గడ్డి అట్లాగే ఉంది.

"ఏమన్నడు?"

"మంచిగున్నడట. లైన్ మంచిగ లేదట. వాళ్ళు గూడ దినాం పొద్దుగాల ఎడమకే ఉరుకుతరట. పూజను ఎడమకే తిప్పు, నాకేం గాదు అన్నడు."

"నాకేం గాదు అన్నడా? గట్లనే అన్నడా?"

"గట్లనే అన్నడు."

ఆమె లోపలికి పోయి బూట్లు తెచ్చుకుంది. బాపు గోడ పక్క నుంచి అంతా విన్నాడు. ఆ రోజు నాతో మాట్లాడాడు. "గొంతు ఎట్లున్నది? సలికి పడిశం పట్టిందా?" అని అడిగాడు. కొంచెం పట్టినట్టుందని చెప్పాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆయనను పెళ్ళాడి ఇన్నేళ్ళయింది, ఆ పని చేయడం నేను చూడలేదు.

ఇది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నీ నోట్లో నేను మాట పెట్టాను. నువ్వు ఎక్కడున్నావో, ఎట్లా ఉన్నావో తెలియని నేను, నువ్వు బాగున్నావని ఇంట్లో అందరికీ చెప్పాను. ఇల్లంతా కుదుటపడింది. పూజ పాటలు పాడుకుంటూ పరుగెత్తింది. నేను ఒక్కదాన్నే మిగిలాను, నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేను కుడి చుట్లు నడవడం ఆపలేదు. ఎందుకమ్మా ఇంకా, అన్న చెప్పిండు గదా అని పూజ అంటే, మోకాలికి మంచిదని డాక్టరు చెప్పాడన్నాను.

నిన్న ఫైనల్. పూజను బాపు సైకిలు మీద బస్సు దగ్గరికి దింపాడు. పట్నంలో రాజారావు గారు మా కోసం చూస్తున్నాడు, పూజ చీలమండకు పట్టీ వేసి పంపాడు. ఆమెకు బయటి లైను వచ్చింది. ఇంతకుముందు నేను అన్యాయమని గొడవ చేసిన ముందు జాగాలో ఈసారి మన పిల్లే నిలబడింది. ముందు ఎవరూ కనబడరు, వెనక వచ్చేవాళ్ళ అడుగులే వినబడతాయి. అది అన్నిటికన్నా భయం లైను అని నువ్వు రాసింది ఆమెకు గుర్తు చేశాను.

వాళ్ళు గీత మీదికి రాగానే నేను బెంచీ మీద నుంచి లేచాను. కంచె బయట, ముగింపు గీత దగ్గర నుంచి, వాళ్ళు వచ్చే దారికి ఎదురు నడవడం మొదలుపెట్టాను. కూర్చోమని ఎవరో అన్నారు. నేను ఆగలేదు. ఆ ట్రాకు నడుమ అమ్మవారు లేదు, గడ్డి ఉంది, ఈటెలు విసిరేవాళ్ళు ఉన్నారు. అయినా నడిచాను. పిస్తోలు పేలింది. అవతలి వైపు పూజ చిన్నగా కనబడింది, మొదటి వంపులో గీత దాటలేదు. వెనక తిన్నటి జాగలో దొర్లినట్టు పోయింది. రెండో వంపు లోపలికి వచ్చేసరికి ఇద్దరు ఆమెను దాటారు, మూడో అమ్మాయి పక్కకు వచ్చింది. నేను అప్పటికి వంపు ముగిసే చోట ఉన్నాను. నువ్వు రాసిన చోటు అదే, కాళ్ళు రాళ్ళయ్యే చోటు.

ఆమె ముఖం నాకు ఎదురుగా వచ్చింది. కింది పెదవి పళ్ళ కింద లేదు, నోరు తెరుచుకుని ఉంది, ఏడుస్తున్నట్టు ఉంది. కళ్ళు నన్ను చూశాయి. ఇన్నాళ్ళూ చూడనట్టు వెళ్ళిపోయిన పిల్ల, నిన్న చూసింది. నేను కంచె పట్టుకుని, "చేతులు, బిడ్డా, చేతులు" అని అరిచాను. నా కాళ్ళు ఆగిపోయాయి. చుట్టు అక్కడే ఆగిపోయింది. ఆమె ముందుకు పోవాలి, ఇంకేమీ నాకు వద్దు అనిపించింది. ఆ కాసేపు నువ్వు నాకు గుర్తు లేవు కుమార్. నీ పేరు కూడా గుర్తు లేదు. తర్వాత ఆమె వీపు మాత్రమే కనబడింది, చేతులు ఆడుతూ, ఆడుతూ దూరమైంది.

మూడోది వచ్చింది. ఛాతీ ముందుకు వేసి, నాలుగో అమ్మాయి కన్నా వెంట్రుకవాసి ముందు. మొదటిసారి నిమిషం లోపల పరుగెత్తింది. రాజారావు గారు టోపీ గాల్లోకి విసిరాడు. హాస్టలు సీటు ఖాయమన్నారు, వచ్చే సోమవారం చేరాలి. నేను కుంటుకుంటూ వెళ్ళేసరికి పూజ గడ్డిలో పడుకుని ఊపిరి పీలుస్తోంది. నన్ను చూసి మొదట అన్న మాట ఇది.

"అన్నకు ఫోన్ జేద్దాం. మొన్న నంబర్ ఇచ్చే ఉంటడు గదా?"

ఇచ్చావన్నాను. ఒకసారి చెప్పిన అబద్ధానికి అన్నం పెడుతూనే ఉండాలి.

సాయంత్రం మేడ్చల్‌లో దిగాం. యజ్ఞనారాయణ బూత్ తెరిచే ఉంది. పూజ మెడలో పతకం తీయలేదు. "అంకుల్, మొన్న మా అన్న ఫోన్ జేస్తే నువ్వే ఎత్తినవా?" అని అడిగింది. ఆయన కళ్ళద్దాల మీద నుంచి నా వైపు చూశాడు. నేను ఎటూ చూడలేకపోయాను.

"నేనే ఎత్తిన బిడ్డా" అన్నాడు.

అద్దాల గదిలోకి వెళ్ళాను. పూజ తలుపు పట్టుకుని నిలబడింది. ఏ నంబరు నొక్కాలి? నీ అడ్రసులో అంకెలు ఉన్నది ఒక్కచోటే, మీ మిలిటరీ పోస్టాఫీసు నంబరు, యాభై ఆరు ఏపీఓ. అయిదు నొక్కాను, ఆరు నొక్కాను. చెవిలో అప్పటిదాకా ఉన్న గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానిలోకి నేను మాట్లాడాను. కాసేపటికి పూజ చెయ్యి చాపింది, నాకియ్యి అమ్మా అని. యజ్ఞనారాయణ తన బల్ల దగ్గర నుంచే, "లైన్ కట్టయింది బిడ్డా. ఆ లైన్లు గట్లనే ఉంటయి" అన్నాడు. పూజ నవ్వి, అన్న ఏమన్నడు అని అడిగింది. మెచ్చుకున్నావని చెప్పాను.

ఆమె ఇప్పుడు లోపల పడుకుంది. సోమవారం దించి వస్తాను. అక్కడ రోజూ ఎడమకు తిరుగుతుంది, నువ్వు చెప్పావని తిరుగుతుంది. ఆ మాట నువ్వు అనలేదు. ఈ ఉత్తరం అందితే, రెండు వరుసలు రాయి. నాకేం గాదు అని రాయి. రాయడానికి చెయ్యి బాగా లేకపోతే పక్కవాళ్ళతో రాయించు. ఏదైనా సరే, నేను తట్టుకుంటాను. ఏమీ రాకపోవడం మాత్రం నావల్ల కావడం లేదు.

నిన్న ఫోన్‌లో నేను మాట్లాడింది నీకు చేరలేదు. నీకని మాట్లాడిన మాటలు కాబట్టి, ఎట్లా అన్నానో అట్లాగే రాస్తున్నాను.

"హలో. కుమార్, నేను అమ్మను. వినవడుతాందా? చెల్లె మూడోది వచ్చింది బిడ్డా. నిమిషం లోపట్నే ఉరికింది. నువ్వు జెప్పినట్టే ఆఖర్ల చేతులు ఆడిచ్చింది. గిక్కడనే ఉన్నది, నవ్వుతాంది. నేను నీ కోసం నడుస్తున్న సుట్టు నడుమల్నే ఆగిపోయింది. పిల్ల మొకం జూసి నిన్ను జరసేపు మర్చిపోయిన. మనసుల పెట్టుకోకు. నువ్వు ఏడున్నవో చెప్పొద్దంటే చెప్పకు. ఏం మాట్లాడకు. నువ్వు ఉత్తగ ఊపిరి తియ్యి, నేను వింట."

ఇట్లు,
నీ అమ్మ